స్త్రీ పురుషుల ఆయుర్దాయంలో తేడా దేశానికో తీరుగా ఎందుకుంటుంది?

దాదాపు ప్రతి దేశంలోనూ స్త్రీలే ఎక్కువ కాలం జీవిస్తారు. హార్మోన్లు, జన్యువుల పాత్ర ఉన్నా అది అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. కాబట్టి ఈ తేడా స్వీడన్‌లో 3-4 ఏళ్లు, రష్యాలో దాదాపు 10 ఏళ్లు ఉండటానికి కారణాన్ని జీవన విధానంలో వెతకాలి. రష్యాలో ముఖ్యంగా మద్యం, పొగాకు. 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యంపై ఆంక్షలు పెట్టాక పురుషుల మరణాలు తగ్గాయి. ఆంక్షలు సడలి, సోవియట్ యూనియన్ కూలిపోయాక 1994లో వారి ఆయుర్దాయం 58 ఏళ్ల లోపుకు పడిపోయింది. ఆపగలిగిన మరణాలివి, అదే బాధ.

అలాగని తేడా తక్కువుంటే అంతా బాగున్నట్టు కాదు. ఆడపిల్లలకు తిండి, వైద్యం సరిగా అందకపోయినా, కాన్పు మరణాలు ఎక్కువైనా తేడా తగ్గుతుంది. అందుకే దేశాలను పోల్చేటప్పుడు ఒక్కో వయసులో మరణాల రేటును విడిగా చూడాలి.