అమెరికా ఆదివాసులైన నవాహోల గోస్పెల్ పాటలు, అంటే క్రైస్తవ భక్తి పాటలు, వాళ్ల పాత సంప్రదాయ గానం నుంచి వచ్చినవేనా?

కాదు, నవాహో కుటుంబాలు తరతరాలుగా పాడుతున్న గోస్పెల్‌లో భాష చాలావరకు నవాహోదే అయినా, బాణీలు ఎక్కువగా అమెరికన్ చర్చి కీర్తనలవి, కంట్రీ సంగీతానివి.

అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరుచుకున్న నవాహో నేషన్‌లో, అంటే నవాహోల స్వపరిపాలన ప్రాంతంలో, మిషనరీలు 19వ శతాబ్దం చివరికల్లా స్థిరపడ్డారు. పాట ఊరూరా పాకింది మాత్రం 20వ శతాబ్దం రెండో సగంలో, నవాహో పాస్టర్లే నడిపిన గుడార సభల వల్ల. నవాహో భాషలో కొత్త నిబంధన 1956లో, పూర్తి బైబిల్ 1985లో వచ్చాయి.

ఇక కుటుంబమే బృందం ఎందుకయిందంటే, అక్కడ ఇళ్లు మైళ్ల దూరంలో విసిరేసినట్టుంటాయి. చిన్న చిన్న చర్చిలు, చాలాచోట్ల చుట్టాలతోనే నిండుతాయి. డబ్బిచ్చి వాద్యగాళ్లను పిలిపించుకునే స్తోమత ఎక్కడిది? వేసవి సభనే తీసుకోండి: ఇంటి పక్క ఖాళీ నేలలో గుడారం, తండ్రి వాక్యం చెబుతుంటే కొడుకు బేస్ గిటార్, కూతురు పాట. అమ్మమ్మకు కీర్తనలన్నీ నోటికే వచ్చు. వచ్చినవాళ్లకు గొర్రె మాంసం పులుసు, నూనెలో వేయించిన రొట్టె. అలా చూస్తూనే పిల్లలకు పాటా, పరిచర్యా రెండూ అబ్బుతాయి.

ఆదివాసుల పాట అనగానే డోలు, గిలక్కాయలు ఊహించుకోవడం చాలామంది చేసే పొరపాటు. నవాహో సంప్రదాయ గానం రోగం నయం చేసే క్రతువుల్లో భాగం, కొన్ని రాత్రుల తరబడి సాగుతుంది, గురువు దగ్గర ఏళ్లకేళ్లు నేర్చుకోవాలి. పెంతెకోస్తు చర్చిల్లో చాలామంది దానికి దూరంగానే ఉంటారు. రెంటినీ ఒకే గాట కడితే అటువాళ్లూ ఒప్పుకోరు, ఇటువాళ్లూ ఒప్పుకోరు.