క్యాజువాలిటీలో కొత్తగా చేరిన మా చెల్లెలి కూతురికి

తల్లీ,

టెక్కలి ఆసుపత్రిలో నీకు నైట్ డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. అత్యాచారం కేసు వస్తే ఏం చేయాలో అని టెన్షన్ పడుతున్నావట.

అలా వచ్చిన బాధితురాలు నోరు విప్పి ఆ మాట చెప్పకపోవచ్చు. "కడుపునొప్పి" అని ఊరుకుంటుంది, పక్కవాళ్లే మాట్లాడేస్తారు. ఆమెను గదిలోకి తీసుకెళ్లి తలుపు వెయ్యి. గాయాలుంటే ముందు వైద్యం. పోలీసు కాగితం అడగకు. ప్రభుత్వాసుపత్రి అయినా, ప్రైవేటు అయినా ఉచితంగా చూడాల్సిందే. ఆమె ఏ వయసుదైనా, ఆసుపత్రి వెంటనే పోలీసులకు తెలియజేయాలి.

పరీక్ష చేసేది డాక్టరే. పక్కన నిలబడేది నువ్వు. కాగితం మీద ఒక్క సంతకంతో సమ్మతి అయిపోదు, ప్రతి పనికీ ముందు చెప్పి అడుగు. వద్దంటే ఆపాలి. పరీక్ష వద్దన్నా మందులు మానకూడదు. ఇచ్ఛాపురం వైపు ఒడియా, మందస కొండల్లో సవర మాట్లాడేవాళ్లు వస్తారు. వాళ్ల మాట చెప్పడానికి బంధువును పెట్టకు, భాష వచ్చిన స్టాఫ్‌ను పిలువు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాయాలి.

దాహమంటే నీళ్లివ్వాలనిపిస్తుంది. నోటికి సంబంధించిన దాడి అయితే ముందు నోటి స్వాబ్ (ఆధారం కోసం దూది పుల్లతో తీసే నమూనా) తీసేలా చూడు, తర్వాత నీళ్లివ్వు. స్నానం చేసి వచ్చిందని వదిలేయకండి, దాడి జరిగిన 96 గంటల వరకు స్వాబ్‌లు తీసుకోవచ్చు. బట్టలు విప్పేటప్పుడు కింద తెల్ల కాగితం పరవాలి, రాలిన వెంట్రుకో మట్టో దాని మీదే పడుతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఓ వానాకాలం తడి చీరను పాలిథిన్ కవర్లో కట్టేశాను. బూజు పట్టింది. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. బట్టలైనా స్వాబ్‌లైనా నీడలో గాలికి ఆరాలి. బట్టలు ఒక్కొక్కటీ విడిగా కాగితం కవర్లో పెట్టి సీలు వేసి, పేరు, తేదీ, సమయం, సంతకం ఉన్నాయో లేదో చూసుకో. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టరులో ఉండాలి. ఒక్క సంతకం తప్పినా కోర్టులో పట్టుకుంటారు.

ఆమెకు లైంగిక అలవాటు ఉందేమో అని యోనిలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్ష తప్పు అని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. చేసినవారిది దుష్ప్రవర్తన అని 2022లో మళ్లీ చెప్పింది. ఎవరైనా మొదలుపెడితే గట్టిగానే గుర్తుచెయ్యి.

గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తిరిగి ఎప్పుడు రావాలో చీటీ మీద రాసివ్వు. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు కూడా రాయి.

బట్టలన్నీ మనం తీసేసుకుంటే ఆమె ఏం కట్టుకుని వెళ్తుంది? నా నేత చీరలు నాలుగు, లంగాలు, జాకెట్లు ఉతికి మీ అమ్మకు పంపాను. డ్యూటీ గదిలో పెట్టుకో.

మీ పెద్దమ్మ