రేసులు మానేసిన ఛాంపియన్ గుర్రం స్టాలియన్‌గా (విత్తనానికి వాడే మగగుర్రంగా) ఏం చేస్తుంది? మన ఆడగుర్రాన్ని దాంతో దాటించొచ్చా?

ప్రశ్న అడిగినవారిది ధర్మాబాద్ వైపట, పెళ్లి బరాత్‌లకు తిప్పే మార్వాడీ ఆడగుర్రం ఉందట. పెద్ద పెద్ద రేసులు గెలిచిన గుర్రం తర్వాత ఏం చేస్తుంది, దాని విత్తనం మన గుర్రానికి దొరుకుతుందా అని అడిగారు. మాది అదే నాందేడ్ జిల్లా దేగ్లూర్. పెళ్లికి ముందు పుణె దగ్గర ఒక స్టడ్ ఫారంలో, అంటే రేసు గుర్రాల్ని పుట్టించే చోట, సైసుగా (గుర్రాల్ని చూసుకునే పని) చేశాను. రెండో దానికి జవాబు ముందే చెప్పేస్తా, అన్నా: దొరకదు. ఎందుకో తర్వాత చెబుతాను.

రేసులు మానేస్తే ఇక తిని పడుకోవడమే అనుకుంటారు చాలామంది. అదేం కాదు. ముందు దానికి నేర్పిందంతా మరిపించాలి. ట్రైనింగ్‌లో ఉన్నన్నాళ్లూ పక్కనుంచి ఆడగుర్రం పోతుంటే సకిలించినా కళ్లెం లాగి అదిలిస్తారు. అటు చూడకూడదని ఏళ్ల తరబడి నేర్పిన గుర్రాన్ని ఒకరోజు తెచ్చి ఆడగుర్రం ముందు నిలబెడితే ఏం చేస్తుంది? మా దగ్గరికి అలా వచ్చిన ఒక గుర్రం మొదటిరోజు అత్తారింట్లో కొత్త అల్లుడిలా నిలబడిపోయింది. ఆడగుర్రం వైపు చూస్తుంది, వెంటనే మా చేతుల వైపు చూస్తుంది, దెబ్బ పడుతుందేమోనని. అందుకే మొదట్లో నాలుగైదు ఈతలు ఈనిన, నెమ్మదైన పెద్ద గుర్రాన్నే ఇస్తారు.

మా సైసుల పెద్ద, జమాదార్ కాకా దానికి రెండు కళ్లేలు పెట్టాడు. వాకింగ్‌కు తోలుది, దాటించడానికి ఇత్తడి గొలుసున్నది. గొలుసు కళ్లెం మేకు మీంచి తీసే చప్పుడు వినపడితే చాలు, కొన్నాళ్లకు అది లాయంలోనే కాళ్లు తన్నుకునేది. తోలుది వేస్తే మాత్రం బుద్ధిగా నడిచేది. ఏ కళ్లేనికి ఏ పనో దానికి మనకంటే బాగా తెలుసు.

దాటించే రోజు హడావుడి అంతా ఆడగుర్రం దగ్గరే. తోకకు బ్యాండేజీ చుడతారు, వెనక కాళ్లకు మెత్తటి బూట్లు తొడుగుతారు, తంతే కోట్ల గుర్రం పాడవుతుందని. మగది మెడ కొరుకుతుంది కాబట్టి మెడ మీద తోలు పట్టా కప్పుతారు. నిజంగా ఎదకొచ్చిందా లేదా అని చూడటానికి ముందు టీజర్ అని ఇంకో మామూలు మగగుర్రాన్ని మెత్త కట్టిన చెక్క అడ్డు వెనక నిలబెడతారు. పాపం దాని పని అంతవరకే, ఆడగుర్రం ఒప్పుకోగానే దాన్ని వెనక్కి లాక్కెళ్లిపోతారు. నాకు ఎప్పుడూ దాని మీదే జాలి.

దాటడం కొద్ది నిమిషాల పనే. కాకా ఆ సమయంలో మగగుర్రం తోక మీదే కళ్లు పెట్టేవాడు. తోక పైకీ కిందకీ కొట్టుకుంటే పని అయినట్టు, లేకపోతే మళ్లీ ఎక్కించాలి. రెండు వారాలు దాటాక డాక్టర్ స్కానింగ్ చేస్తాడు. కవలలు కనిపిస్తే ఒకదాన్ని అప్పుడే తీసేస్తారు, గుర్రాలకు కవలలు ప్రమాదం. చూడి నిలిస్తే పదకొండు నెలలు. మన దేశంలో రేసు గుర్రాలన్నింటికీ వయసు జనవరి 1 నుంచే లెక్క, అందుకని సంవత్సరం మొదట్లోనే ఈనాలని ఫిబ్రవరి నుంచే తొందర మొదలవుతుంది.

ఇక డబ్బు. ఇంగ్లండ్‌లో ఫ్రాంకెల్ అనే గుర్రం పరిగెత్తిన 14 రేసులూ గెలిచి 2012లో రిటైరయ్యింది. తర్వాతి ఏడాది దాంతో దాటించే ఫీజు 1,25,000 పౌండ్లు, 2025లో 3,50,000. మన లెక్కలో నాలుగు కోట్లకు అటూ ఇటూ, అదీ ఒక్క ఆడగుర్రానికి. పెరగడానికి కారణం అది గెలిచిన రేసులు కాదు, దాని పిల్లలు గెలిచినవి. అమెరికాలో సిగార్ సంగతి చూడండి. వరసగా 16 రేసులు గెలిచింది, స్టడ్‌కు పంపితే ఒక్క ఆడగుర్రం కూడా చూడి కట్టలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు యజమానికి డబ్బు కట్టారు, గుర్రం కెంటకీ హార్స్ పార్కులో జనం చూడటానికి ఉండిపోయింది, 2014లో చనిపోయింది. రజీన్ అనే గుర్రానిది దీనికి పూర్తిగా రివర్సు. ఇంగ్లండ్‌లో పెద్ద రేసు, 1990 ఎప్సమ్ డెర్బీలో ఫేవరెట్‌గా దిగి ఎక్కడో వెనకపడింది. అదే గుర్రం మన దేశానికి వచ్చి ఛాంపియన్ల తండ్రి అయింది. నన్నడిగితే, స్టాలియన్‌ను కొనడమంటే కప్పు చూసి కాదు, తల్లి వైపు వంశం చూసి పందెం కాయడమే.

మన గుర్రానికి ఎందుకు దొరకదంటే, థరోబ్రెడ్‌లలో, అంటే ఈ రేసు గుర్రాల జాతిలో, కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు. ఇంజెక్షన్‌తో పుట్టిన పిల్లను స్టడ్ బుక్‌లో (జాతి గుర్రాల వంశం రాసే రిజిస్టర్‌లో) ఎక్కించరు, రేసుకు రానివ్వరు. స్వయంగా దాటాల్సిందే. అంటే సీజన్‌కు ఇన్నేనని లెక్క ఉంటుంది, ఆ లెక్కలో రిజిస్టరైన థరోబ్రెడ్ ఆడగుర్రాలే ఉంటాయి. పైగా దాటేటప్పుడు అంటుకునే రోగాలున్నాయి, బయటి గుర్రాన్ని గేటు దాటనివ్వరు.

అయినా రేసు మానేసిన మగగుర్రం మీకు బయట దొరకొచ్చు. అన్నీ స్టాలియన్లు అవ్వవు కదా, చాలావాటికి ముందే విత్తు కొట్టించేస్తారు, కొన్ని రైడింగ్ స్కూళ్లకు పోతాయి. వెనకటికి పూనావాలా వాళ్ల ఫారంలో వయసు మళ్లిన గుర్రాలను ముంబైలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌కు, మందుల కోసం వాటి రక్తం నుంచి సీరం తీయడానికి ఇచ్చేవారు. 1966లో పూనావాలా వాళ్లు టీకాల కంపెనీ సీరం ఇన్‌స్టిట్యూట్ పెట్టడానికి ఆలోచన అక్కణ్నుంచే వచ్చింది. సరే, అలాంటి గుర్రం చవగ్గా దొరికినా మీ మార్వాడీకి నేనైతే కలపను. పిల్లకు మార్వాడీల ఆ వంపు చెవులు రాకపోవచ్చు. బ్యాండు మోతలో, టపాకాయల మధ్య నిలబడే గుణం థరోబ్రెడ్ రక్తంలో తక్కువ. బరాత్‌కు పనికిరాని పిల్లను మేపి ఏం లాభం?

మార్గశిరంలో మాళేగావ్ ఖండోబా జాతరకు వెళ్లండి, లోహా తాలూకాలోనే కదా. అక్కడికి వచ్చే మార్వాడీ మగగుర్రాల్లో ఒకదాన్ని చూసుకోండి. మా మామ సుళ్లు లెక్కపెట్టి బేరమాడతాడు, నేను ముందు దాని పాత పిల్లల్ని చూపించమంటాను. గ్లాండర్స్ (గుర్రాల అంటురోగం) టెస్ట్ కాగితం చూపించకపోతే మీ గుర్రాన్ని దాని దగ్గరికి కూడా తీసుకెళ్లకండి. దాటించిన తేదీ రాసిపెట్టుకోండి, మూడు వారాలకు మళ్లీ ఎదకొస్తే చూడి నిలవనట్టే. డబ్బు మాట కూడా ముందే తేల్చుకోండి: సగం అప్పుడు, మిగతా సగం పిల్ల లేచి పాలు తాగాక.