అంబులెన్స్ నడుపుతానంటున్న అబ్బాయి: ఒక తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. అంబులెన్స్ గానీ ఫైర్ ఇంజన్ గానీ నడిపే ఉద్యోగమే చేస్తానని పట్టుబట్టాడు. బండి భలే స్పీడుగా నడుపుతాడని స్నేహితులంతా మెచ్చుకుంటారు. నాకు అదే టెన్షన్. ఈ పనికి వాడు సరిపోతాడా? శిక్షణ ఎలా ఉంటుంది?

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌కి కారణం ఉంది. అయినా అబ్బాయిని ఆపమని మాత్రం చెప్పను. చాలా గౌరవమైన పని ఎంచుకున్నాడు. కాకపోతే స్నేహితులు మెచ్చుకుంటున్న ఆ స్పీడు ఇక్కడ అర్హత కిందికి రాదు. శిక్షణలో ముందు మాన్పించేది ఆ అలవాటునే.

ఒక చిన్న లెక్క వాడితోనే వేయించండి. 5 కిలోమీటర్ల దూరం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళితే 5 నిమిషాలు పడుతుంది. 80తో వెళితే 3 నిమిషాల 45 సెకన్లు. అంటే మిగిలేది 75 సెకన్లు, అదీ దారంతా ఖాళీగా ఉంటేనే. ఇప్పుడు రెండో వైపు చూడండి. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, ఆ లోపే బండి 60 వేగంలో 25 మీటర్లు, 80 వేగంలో 33 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం 60తో పోలిస్తే 80 వేగంలో దాదాపు 1.8 రెట్లు అవుతుంది. దారిలో గుద్దుకున్న అంబులెన్స్ లోపలి రోగికి సాయం చేయకపోగా, ఇంకో ఇద్దరు ముగ్గురికి అంబులెన్స్ కావలసిన పరిస్థితి తెస్తుంది.

అసలు సమయం మిగిలేది కూడళ్ల దగ్గర, ప్రమాదం పొంచి ఉండేదీ అక్కడే. అద్దాలు మూసుకుని పాటలు వింటున్న కారు డ్రైవర్‌కి సైరన్ చాలా ఆలస్యంగా వినిపిస్తుంది. అది ఎటువైపు నుంచి వస్తోందో వెంటనే తెలియదు. ముందు ఒక అంబులెన్స్ వెళ్లగానే, వెనకాల ఇంకొకటి ఉందని ఊహించక జనం రోడ్డు మీదికి వచ్చేస్తారు. అందుకే మంచి శిక్షకులు ఎర్ర లైటు దగ్గర బండి పూర్తిగా ఆపించి, ఒక్కో వరుసలోని వాహనాలూ నిజంగా ఆగాయని చూసుకున్నాకే కదలనిస్తారు. చట్టాల ధోరణి కూడా ఇదే. రోడ్డు రవాణాపై 1968 నాటి వియన్నా ఒప్పందం అత్యవసర వాహనాలకు మామూలు ట్రాఫిక్ నియమాల నుంచి వెసులుబాటు ఇస్తూనే, ఇతరులను ప్రమాదంలో పడేయకూడదన్న షరతు పెట్టింది. సైరన్ దారి అడుగుతుంది, అంతే. ఎదుటివాళ్లు ఇవ్వకపోతే ఆగాల్సింది మీవాడే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. అంబులెన్స్ వెనక భాగంలో ఒకరు నిలబడి రోగి గుండెను నొక్కుతూనో, సూది గుచ్చుతూనో ఉండొచ్చు. ముందు ఒక్క కుదుపు వస్తే వెనక ఆ చేయి తప్పుతుంది. నా దృష్టిలో మంచి అంబులెన్స్ డ్రైవర్ అంటే, మలుపు తిరిగిన సంగతి వెనకవాళ్లకు తెలియనివ్వనివాడు. వెనక ఉన్న ప్రతి వస్తువూ బిగించి ఉందో లేదో చూసే అలవాటు కూడా ఉండాలి. యూరప్ అంబులెన్స్ ప్రమాణం ఈఎన్ 1789 ప్రకారం లోపలి పరికరాలు వాటి బరువుకు 10 రెట్ల బలం పడినా ఊడి రాకూడదు. 5 కిలోల పెట్టె విడిగా పెట్టి ఉంటే, గుద్దుకున్న క్షణంలో ఎంత దెబ్బ కొడుతుందో దీన్నిబట్టి ఊహించండి.

ఫైర్ ఇంజన్‌ది వేరే కష్టం. లీటరు నీరు ఒక కిలో కాబట్టి 5,000 లీటర్ల ట్యాంకంటే 5 టన్నులు. ట్యాంకు సగమే నిండి ఉంటే మలుపులో ఆ నీళ్లన్నీ ఒక పక్కకు ఒరిగి బండిని పడేయగలవు. ట్యాంకు లోపల అడ్డు పలకలు పెట్టేది అందుకే. అక్కడికి చేరాక కూడా డ్రైవర్ పని అయిపోదు. చాలా చోట్ల పంపు నడిపేది, గొట్టంలో నీటి ఒత్తిడి చూసుకునేది ఆయనే. బెల్టు పెట్టుకోకుండా, దారిలోనే లేచి దుస్తులు తొడుక్కోవడం ఈ వృత్తిలో పాత జబ్బు. అందరూ బెల్టు పెట్టుకునే దాకా బండి కదిలించనని చెప్పే ధైర్యం మీవాడికి ఉండాలి.

ఇక ఏం చేయాలంటే: ముందు భారీ వాహనాల లైసెన్స్ దారి చూసుకోనివ్వండి. కంటిచూపు, రంగులు గుర్తించడం ఇప్పుడే పరీక్ష చేయించండి, తర్వాత తెలిస్తే బాధ. ప్రథమ చికిత్స తప్పక నేర్చుకోవాలి. వీలైతే అత్యవసర వైద్య సహాయకుల కోర్సు కూడా చేస్తే, స్టీరింగ్ దగ్గరే ఆగిపోకుండా ఎదిగే దారి ఉంటుంది. రాత్రి డ్యూటీలు, నిద్రలేమి, కళ్లారా చూడాల్సిన మరణాలు ఉంటాయి. ఇవి వాడితో దాచకుండా మాట్లాడండి.

శిక్షణ కేంద్రానికి మీరూ వెళ్లండి. ఖాళీ మైదానంలో కోన్‌ల మధ్య ఎన్ని రోజులు నడిపిస్తారు, వెనక్కి తీసేటప్పుడు కింద మనిషిని నిలబెడతారా, టైర్లూ బ్రేకులూ లైట్లూ రోజూ చూసి రాసే పద్ధతి నేర్పుతారా, పక్కన శిక్షకుడు లేకుండా సైరన్‌తో రోడ్డు మీదికి ఎప్పుడు పంపుతారు, ఉద్యోగంలో చేరాక మళ్లీ శిక్షణ ఉంటుందా అని అడగండి. మొదటి వారంలోనే సైరన్ వేసి పంపేస్తామని గొప్పగా చెబితే అక్కడ చేర్పించకండి, ఇంకో చోటు చూడండి.