విజయవాడలో రోజూ తిరిగే పోలో కారుకి ట్రాక్ (రేస్ ట్రాక్ మీద వాడే) టైర్లు వేయొచ్చా, గాలి ఎంత పెట్టాలి?

వేయొచ్చు గానీ సెమీ స్లిక్ (దాదాపు నున్నగా ఉండే రేసు టైరు) జోలికి మాత్రం వెళ్లకండి బ్రో, నీళ్లు పోయే గ్రూవ్స్ (గాళ్లు) తక్కువ కాబట్టి వానాకాలం బెంజ్ సర్కిల్ దగ్గర నీళ్లు నిలిస్తే కారు తేలిపోద్ది. టైరు సైడ్ మీద ట్రెడ్‌వేర్ (ఎంత నెమ్మదిగా అరుగుద్దో చెప్పే లెక్క) అని నంబర్ ఉంటది, 200 అంటే పట్టు ఎక్కువ కానీ తొందరగా అరిగిపోద్ది, రోజువారీకి 300 దగ్గర్లోది చాలు (కంపెనీకో లెక్క, గుడ్డిగా నమ్మొద్దు). కొనేటప్పుడు టైరు సైడ్ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది, నాకు ఒకాయన నాలుగేళ్ల పాతది కొత్తదని అంటగట్టాడు, నలుపు నిగనిగ చూసి మోసపోయా.

ఇక గాలి, అసలు కథంతా ఇక్కడే. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో నాలుగైదు ల్యాప్‌లు గట్టిగా కొడితే టైరు వేడెక్కి ప్రెజర్ ఐదారు పీఎస్‌ఐ దాకా పెరుగుద్ది, అందుకే పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొంచెం తగ్గించి మొదలెట్టి, పిట్‌లోకి (ట్రాక్ పక్కన కారు ఆపే చోటికి) రాగానే వేడి మీదే గేజ్ పెట్టి చూసుకోవాలి. ముందే టైరు అంచున, రోడ్డుకి తగిలే భాగం నుంచి సైడ్ గోడ మీదకి, సుద్దముక్కతో గీత గీయండి, గీత సైడ్ గోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువ, అంచు దగ్గర అసలు చెరగకపోతే ఎక్కువ. తిరిగి హైవే ఎక్కే ముందు టైర్లు చల్లారాక కారు మీదుండే కంపెనీ స్టిక్కర్‌లో ఉన్న లెక్కకి గాలి కొట్టించండి, మర్చిపోవద్దు.