బిడ్డ జబ్బు మీకు పడిన శిక్ష కాదు, అన్నయ్య వాటా మాత్రం మీ దగ్గరే ఉంది

ప్రశ్న: నాకు నలభై దాటాయి. నాన్న మంచం పట్టి ఉన్న రోజుల్లో, అన్నయ్య దూరంగా ఉద్యోగంలో ఉండగా, ఇల్లు మొత్తం నా పేరున రాయించుకున్నాను. చెరి సగం అని నాన్న ఎప్పుడూ అనేవారు. ఆ సంతకం దేనికో ఆయనకు సరిగా తెలియదు. ఆయన పోయాక విషయం తెలిసి అన్నయ్య గొడవ పెట్టుకోలేదు, నాతో మాటలు మానేశాడు. నాన్నే ఇష్టపడి రాశారని నా భార్య నమ్ముతోంది. తొమ్మిదేళ్ల మా పాపకు ఏడాది క్రితం మూర్ఛ మొదలైంది. ఇంటికి ప్రార్థనకు వచ్చిన ఒక దైవసేవకుడు "ఈ ఇంట్లో దాచిన పాపం ఉంది, అది బయటపడేదాకా మందులు పనిచేయవు" అన్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. దావీదు పాపానికి బిడ్డ పోయాడు కదా! రోజూ రాత్రి మోకరించి క్షమించమని ఏడుస్తున్నాను, మనసు కుదుటపడటం లేదు. ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనలో, చెయ్యి పెట్టడం మానేశాను. ఇది దేవుడికీ నాకూ మధ్య తేలితే చాలదా? ఇల్లు ఇచ్చేస్తే పాప బాగవుతుందా?

జవాబు: ముందు పాప మందుల సంగతి. ఎవరు ఏం చెప్పినా ఒక్క పూట కూడా ఆపకండి. మెదడులో విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా గతి తప్పడం వల్ల వచ్చే జబ్బు మూర్ఛ. సరైన మందు సరైన మోతాదులో క్రమం తప్పకుండా వాడితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. ఉన్నట్టుండి మానేస్తే మాత్రం ఒకటి ఆగకముందే ఇంకొకటి వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. ఇప్పటికీ అదుపులోకి రాకపోతే నరాల డాక్టరుకు మళ్లీ చూపించి, మందు మార్చాలేమో అడగండి. ఆ సేవకుడు అలా అన్నప్పుడు పాప అక్కడే ఉందా? ఉంటే ఈ రోజే దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇది నువ్వు ఏదో చేస్తే వచ్చింది కాదమ్మా, దేవుడికి నీ మీద కోపం లేదు" అని చెప్పండి. ఆ వయసు పిల్లలు ఇలాంటి మాట వింటే ఎవరినీ అడగరు, లోపలే పెట్టుకుంటారు.

ఇక వాక్యం దగ్గరికి వస్తాను, మీ భయం అక్కడే వేళ్లూనుకుంది కాబట్టి.

దావీదు బిడ్డ సంగతి రెండవ సమూయేలు 12లో ఉంది. దాన్ని మీకోసం మెత్తబరచి చెప్పను. నీ పాపం వల్ల నీ బిడ్డ చనిపోతాడని నాతాను ప్రవక్త రాజైన దావీదు ఎదుటే చెప్పాడు, బిడ్డ చనిపోయాడు. ఎన్నిసార్లు చదివినా గుండె కలుక్కుమనే భాగం అది. అయితే అది ఒక రాజుకు, ఒక సందర్భంలో, దేవుడు పంపిన ప్రవక్త చెప్పిన మాట. జబ్బుపడ్డ ప్రతి బిడ్డ వెనకా తండ్రి పాపం వెతకమని బైబిలు మనకు అధికారం ఇవ్వలేదు. అలా వెతికినవాళ్లకు చీవాట్లు కూడా పెట్టింది. పిల్లల్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి అతని స్నేహితుడు బిల్దదు వచ్చి, నీ కొడుకులు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను అప్పగించాడన్నట్టు మాట్లాడాడు. పుస్తకం ఆఖరున దేవుడి కోపం అతని మీదా, అతని స్నేహితులిద్దరి మీదా రగిలింది. వాళ్లు తన గురించి సరిగా మాట్లాడలేదని ఆయనే అన్నాడు. వాళ్ల కోసం ప్రార్థన చేయాల్సింది కూడా యోబే. మీ ఇంటికి వచ్చిన ఆ సేవకుడు ఈ పుస్తకాన్ని చివరి అధ్యాయం దాకా చదవాలి.

తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా అని నిర్గమకాండం 20లో ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. బబులోను చెరలో ఉన్న జనం సరిగ్గా ఆ మాట మీదే కుంగిపోయారు. తండ్రులు పుల్లని ద్రాక్ష తింటే పిల్లల పళ్లు పులిశాయని సామెత కట్టుకుని, మన బతుకింతే అనుకున్నారు. ఆ సామెత ఇకమీదట మీ నోట రాకూడదని దేవుడు యెహెజ్కేలు చేత చెప్పించాడు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడు, ఎవడి లెక్క వాడిదే. 18వ అధ్యాయం మొత్తం కూర్చుని చదవండి. దుష్టుడు చనిపోతే నాకేమైనా సంతోషమా, వాడు తిరిగి బతకాలని కాదా నా కోరిక, అని దేవుడు అడిగేది కూడా అక్కడే.

మీ పాప జబ్బుకు మరీ దగ్గరగా ఉండే సంగతి మార్కు 9లో ఉంది. ఫిట్స్ వచ్చి నిప్పుల్లోనూ నీళ్లలోనూ పడిపోయే కొడుకును ఒక తండ్రి యేసు దగ్గరికి తెచ్చాడు. ఆ తండ్రిని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది వీడికి ఎంతకాలం నుంచి ఉంది? చిన్నప్పటినుంచీ అని తండ్రి చెప్పాడు. నువ్వేం తప్పు చేశావు, ఇంట్లో ఏం దాచావు అని ఆయన అడగలేదు. ఆ అబ్బాయికి పట్టింది దయ్యమని ఆ వాక్యం చెబుతుంది, నిజమే. కానీ మత్తయి 4లో స్వస్థత పొందినవాళ్ల పేర్లు చెప్పేటప్పుడు దయ్యం పట్టినవాళ్లను వేరుగా, మూర్ఛరోగులను వేరుగా చెప్పారు. కాబట్టి ఈ కథ చూపించి ఎవరైనా మీ పాపను భయపెట్టబోతే గుమ్మం దాటనివ్వకండి.

అంటే తీర్పు లేదనా? అలా చెబితే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులు అనుకుంటున్నారా అని యేసు అడిగాడు. కాదు అన్నాడు. ఆ వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నాడు. ఆ రెండు మాటలూ కలిపే వినాలి. చనిపోయినవాళ్ల మీదికి లేచిన వేలును ఆయన దించేశాడు, నిలబడి వింటున్న ప్రతి ఒక్కరినీ వాళ్ల సొంత లెక్క చూసుకోమన్నాడు. మీ విషయంలోనూ అంతే. పాప జబ్బు మీ పాపానికి వచ్చిన శిక్ష కాదు. మీ పాపం మాత్రం పాపమే, పాపకు జబ్బు రాకపోయి ఉన్నా అది పాపమే.

అందుకే మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: చాలదు. దావీదు 51వ కీర్తనలో "నీకు కేవలము నీకే విరోధముగా" పాపం చేశానన్నాడు, ఇది దేవుడికీ నాకూ మధ్య సంగతి అనుకోవడానికి చాలామంది ఆ మాటే పట్టుకుంటారు. మీరు ఒకటి గమనించండి. దావీదు ఎవరి భార్యను తీసుకున్నాడో ఆ ఊరియా, వెళ్లి క్షమాపణ అడగడానికి బతికి లేడు, దావీదే అతన్ని యుద్ధంలో ముందు వరసలో పెట్టించి చంపించాడు. మీ అన్నయ్య బతికే ఉన్నాడు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అన్నది ప్రభువు మాట. మీరు రోజూ రాత్రి బలిపీఠం దగ్గరికే వస్తున్నారు, అన్నయ్య దగ్గరికి మాత్రం వెళ్లడం లేదు. మనసు కుదుటపడకపోవడం దేవుడు మిమ్మల్ని తోసేసినందుకని నాకు అనిపించడం లేదు. లేచి వెళ్లమని ఆయన అంటుంటే మీరు ఇంకా మోకాళ్ల మీదే ఉన్నారని అనిపిస్తోంది. "అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు, వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును" అనే సామెతల వాక్యం మీకు నోటికి వచ్చే ఉంటుంది. ఒప్పుకోవడం చాలాసార్లు జరిగింది, విడిచిపెట్టడమే ఇంకా జరగలేదు. ఇల్లు మీ చేతిలోనే ఉంది.

రెండో ప్రశ్న, ఇల్లు ఇచ్చేస్తే పాప బాగవుతుందా అన్నది, నన్ను ఎక్కువ బాధపెట్టింది. దయచేసి ఆ రెండింటినీ ముడిపెట్టకండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతిలో ఏది ముందు జరిగిందో చూడండి. చెట్టు మీద ఉన్నవాణ్ని పేరు పెట్టి పిలిచి, ఇవాళ నీ ఇంట్లో ఉంటాను అని యేసు ముందే అన్నాడు. అప్పటికి జక్కయ్య ఎవరికీ పైసా తిరిగి ఇవ్వలేదు. ఆ తర్వాతే అతను లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు అన్నాడు. ధర్మశాస్త్రం అడిగింది అంత లేదు. మోసం చేసి తీసుకున్నవాడు తనంతట తాను ఒప్పుకుంటే, అసలు, దాని మీద అయిదో వంతు ఇవ్వాలని లేవీయకాండం 6 చెబుతుంది. ఆ అయిదో వంతు వెళ్లేది గుడికి కాదు, నష్టపోయిన మనిషికి. క్షమాపణ కొనుక్కోవడానికి జక్కయ్య ఇవ్వలేదు. దయ చూపించిన మనిషి ఇంట్లో కూర్చున్నాక, దొంగసొత్తు దగ్గర ఉంచుకోలేకపోయాడు. మీరు ఇల్లు పంచి ఇచ్చిన తర్వాత కూడా పాపకు ఫిట్స్ రావొచ్చు. అప్పుడు మీ పశ్చాత్తాపం వెనక్కి వెళ్లకూడదు.

ఇప్పుడు ఏం చేయాలి. మొదట మీ భార్యకు చెప్పండి, పాప నిద్రపోయాక, కూర్చుని, మొత్తం. ఆమె ఉంటున్న ఇంటి సంగతి ఇది, అన్నయ్య నోట వినాల్సిన మాట కాదు. కోపం వస్తుంది, రానివ్వండి. తర్వాత మీకు తెలిసిన లాయరును కలిసి, సగం వాటా అన్నయ్య పేరుకు మార్చడానికి ఏ కాగితాలు కావాలో కనుక్కోండి. ఉత్త చేతులతో "క్షమించు" అనడం వేరు, పని మొదలుపెట్టి వెళ్లడం వేరు. అన్ననే మోసం చేసిన యాకోబు, ఇరవై ఏళ్ల తర్వాత ఏశావును కలవబోయే ముందు మేకలు, గొర్రెలు, పాలిచ్చే ఒంటెలు, ఆవులు, గాడిదలు మందలు మందలుగా ముందు పంపాడు, 550కి పైగా పశువులు. అంత పంపినా భయంతో వణుకుతూ, ఏడుసార్లు నేలకు వంగుతూ వెళ్లాడు. అన్న ఎదురు పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ఏడ్చాడు, నాకు చాలినంత ఉంది తమ్ముడూ అన్నాడు. యాకోబు ఊరుకోలేదు, బలవంతపెట్టి ఇచ్చాడు. మీ అన్నయ్య "నాకేం వద్దులే" అన్నా మీరు కూడా అలాగే పట్టుబట్టండి.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పండి: నాన్నకు తెలియకుండా సంతకం పెట్టించుకున్నాను, నీ వాటా తినేశాను. "నీకు బాధ కలిగి ఉంటే" అనే మాట వద్దు, బాధ కలిగింది. అప్పట్లో అవసరాలు అలా ఉన్నాయని మొదలుపెట్టకండి. అన్నిటికంటే ముఖ్యం, పాప జబ్బు సంగతి ఆ రోజు ఎత్తకండి. జబ్బుపడ్డ బిడ్డను ముందుంచితే ఆయన కాదనలేడు, అలా రాబట్టిన క్షమాపణ మళ్లీ ఒక సంతకం పెట్టించుకోవడమే అవుతుంది.

ఆయన క్షమించకపోవచ్చు, తలుపే తీయకపోవచ్చు. అది ఆయన హక్కు, ఎంత టైం పట్టినా తొందరపెట్టకండి. వాటా మాత్రం ఆయన పేరుకు మారాలి. క్షమించినా మునుపటిలా రాకపోకలు ఉంటాయని లేదు. ఏశావు, యాకోబు కౌగిలించుకున్న తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లారు, ఒకరు శేయీరుకు, ఒకరు సుక్కోతుకు. తండ్రి ఇస్సాకు చనిపోయినప్పుడు మాత్రం ఇద్దరూ కలిసే సమాధి చేశారు.

క్షమాపణ దొరికాక కూడా మీకు భయం తిరగబెట్టొచ్చు. యోసేపును బానిసగా అమ్మేసిన అన్నలు, అతను క్షమించాక, అతని దగ్గర 17 ఏళ్లు హాయిగా బతికారు, తండ్రి పోగానే మళ్లీ వణికిపోయి, ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమో అని కబురు పంపారు. ఆ కబురు విని యోసేపు ఏడ్చాడు. ఎప్పుడో విడిచిపెట్టిన సంగతిని వాళ్లింకా మోస్తున్నారని తెలిస్తే ఏడుపు రాదా? ఒకసారి ఒప్పుకుని, అన్నయ్య వాటా ఇచ్చేసిన తర్వాత, అదే పాపానికి మళ్లీ మళ్లీ క్షమాపణ అడగకండి. ఆ మోకాళ్ల ప్రార్థన పాప కోసం చేయండి, మీ భార్యను కూడా పక్కన కూర్చోబెట్టుకుని.

ప్రభువు బల్ల సంగతి. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకుని, అలా చేసి ఆ రొట్టె తిని పాత్రలోనిది తాగాలని పౌలు కొరింథీయులకు రాశాడు. పరీక్షించుకుని దూరంగా ఉండిపోమని రాయలేదు. అన్నయ్య దగ్గరికి వెళ్లి రండి, ఆయన ఏం జవాబిచ్చినా సరే, ఆ వచ్చే ఆదివారం మీ సంఘంలో బల్లకు వెళ్లండి. ముందుగా మీ పాస్టర్ గారితో విడిగా మాట్లాడితే మంచిది. ఆ సేవకుడు పాప గురించి అన్న మాటలు కూడా ఆయనకు చెప్పండి, అలాంటి మాట ఇంకో ఇంట్లో పడకుండా ఆపాల్సిన బాధ్యత ఆయనకు ఉంది.