చిత్రమైన దినోత్సవాలు: ముందు పుస్తకం, చివర సినిమా

ఐదేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప ఉన్నారని, పెంగ్విన్ల దినం, సముద్రపు దొంగల దినం లాంటి వింత రోజులను పిల్లల పుస్తకాలతో, సినిమాలతో ఇంట్లో జరుపుకోవాలని ఉందని రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలి, పిల్లలకు త్వరగా విసుగు పుట్టదా అన్నవి మీ సందేహాలు. మా ఇంట్లో ఇది కొన్నేళ్లుగా నడుస్తోంది. మా పిల్లలకూ ఇంచుమించు మీ పిల్లల మధ్య ఉన్నంత తేడాయే ఉంది కాబట్టి నా అనుభవం మీకు పనికిరావచ్చు.

ఈ రోజులను ఎవరు ప్రకటిస్తారో పిల్లలకు ముందే చెప్పేయండి. చాలావాటి వెనుక ఏ ప్రభుత్వమూ ఉండదు. సెప్టెంబరు 19న వచ్చే 'సముద్రపు దొంగలా మాట్లాడే దినం' పుట్టుక విన్నాక మా పిల్లలు చాలాసేపు నవ్వారు. 1995లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జాన్ బౌర్, మార్క్ సమ్మర్స్ అనే ఇద్దరు స్నేహితులు గోడకు బంతి కొట్టే రాకెట్‌బాల్ ఆట ఆడుతూ సరదాకి దొంగల యాసలో అరుచుకున్నారు. దీనికి ఏడాదికో రోజు కేటాయిస్తే బాగుంటుంది అనుకున్నారు. సెప్టెంబరు 19 సమ్మర్స్ మాజీ భార్య పుట్టినరోజు. ఆ తేదీ ఎలాగూ గుర్తుంటుంది కాబట్టి దాన్నే ఖాయం చేశారు! 2002లో హాస్యరచయిత డేవ్ బ్యారీ తన కాలమ్‌లో రాసేదాకా అది వాళ్లిద్దరి పండగగానే ఉండిపోయింది. ఎవరైనా ఒక రోజును సృష్టించవచ్చు అన్న సంగతి పిల్లలకు ఒకసారి అర్థమైతే మీ పని సగం తేలికవుతుంది. ఎందుకో చివర్లో చెబుతాను.

మా ఇంట్లో వరుస ఎప్పుడూ ఒకటే: ముందు పుస్తకం, తర్వాత చేతులకో కాళ్లకో ఏదో ఒక పని, చివర సినిమా. ఈ వరుస విషయంలో నేను కాస్త మొండిదాన్ని. సినిమా ముందు చూపిస్తే పుస్తకంలోని ఓడకు, అడవికి, ఏనుగుకు తెర మీది రూపమే వచ్చేస్తుంది. పిల్లలు సొంతంగా ఊహించుకోవడానికి ఏమీ మిగలదు. పుస్తకం ముందు చదివితే సినిమా చూసేటప్పుడు తగాదాకు దిగుతారు: "వాడు అలా ఉండడు కదా", "ఆ మాట అన్నది వేరే ఆయన కదా" అంటూ. నాకు కావలసింది ఆ తగాదాయే.

దొంగల దినానికి స్టీవెన్‌సన్ రాసిన నిధి వేట నవల 'ట్రెజర్ ఐలాండ్' (1883) ఎలాగూ ఉంది. ఐదేళ్లవాడికి మొత్తం చదివి వినిపించనక్కర్లేదు, వాడికది భారం. కానీ ఆ పుస్తకం ఎలా మొదలైందో చెప్పండి. 1881లో స్కాట్లండ్‌లో ముసురు పట్టిన రోజుల్లో స్టీవెన్‌సన్ ఇంట్లో కూర్చుని, భార్య మొదటి పెళ్లి కొడుకు లాయిడ్‌తో కలిసి ఒక దీవి పటం గీశాడు. ఆ పటంలోంచే కథ వచ్చింది. మేమూ అలాగే ముందు పటం గీస్తాం. మా పాప కొండలకూ వాగులకూ పేర్లు పెడుతుంది, బాబు నిధి ఉన్నచోట గుర్తు వేస్తాడు, ఆ పటంలో ఏం జరిగిందో ఇద్దరూ వంతులవారీగా చెబుతారు. తర్వాత మీ పాపకు ఇదే కథతో 1950లో వచ్చిన డిస్నీ చిత్రంలోంచి కొన్ని సన్నివేశాలు చూపించండి. అందులో లాంగ్ జాన్ సిల్వర్ అనే దొంగగా వేసిన రాబర్ట్ న్యూటన్ది ఇంగ్లండ్‌లోని డార్సెట్. ఆయన తన ప్రాంతపు యాసనే కాస్త సాగదీసి పలికాడు. ఈ రోజు ప్రపంచమంతా 'దొంగల యాస' అనుకునేది చాలావరకు ఆయన పుణ్యమే. చిన్నవాడికి మాత్రం ఆ సినిమా వద్దు, కాల్పులూ చావులూ ఉన్నాయి. వాడికి పటం చాలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఏప్రిల్ 25, పెంగ్విన్ల దినం. అంటార్కిటికాలోని మెక్‌మర్డో పరిశోధన కేంద్రం పరిసరాల్లో అడేలీ అనే జాతి పెంగ్విన్లు ఏటా ఇంచుమించు ఈ సమయానికి ఉత్తరానికి తరలిపోవడాన్ని గమనించి ఈ తేదీని ఎంచుకున్నారంటారు. పుస్తకంగా 1938లో వచ్చిన 'మిస్టర్ పాపర్స్ పెంగ్విన్స్' చదువుతాం. గోడలకు రంగులు వేసుకుని బతికే ఒక మామూలు మనిషి ఇంటికి పెట్టెలో పెంగ్విన్ వస్తుంది, ఆయన దాన్ని ఐస్‌పెట్టెలో కాపురం పెట్టిస్తాడు. ఒక్కో అధ్యాయం చిన్నది కాబట్టి నాలుగైదు రోజుల ముందే మొదలుపెడితే ఆ రోజుకు పూర్తవుతుంది. మీ దగ్గరున్న పుస్తకం ఏ భాషలో ఉన్నా సరే, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెప్పుకుంటూ పోండి. 2011లో ఇదే పేరుతో వచ్చిన సినిమాలో పాపర్‌ని రంగులు వేసేవాడి నుంచి న్యూయార్క్ స్థిరాస్తి వ్యాపారిగా మార్చేశారు. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ ఒక్క మార్పు మీదే గంటసేపు మాట్లాడటానికి సరుకుంది. మా పాప తీర్పు: "పుస్తకంలో ఆయనకు డబ్బు లేదు, అందుకే ఆయన పెంగ్విన్‌ని ఉంచుకోవడం గొప్ప." నాకూ అలాగే అనిపించింది.

ఆ రోజు పని కాళ్లకు. ఎంపరర్ పెంగ్విన్లలో గుడ్డును పొదిగేది తండ్రి. దాదాపు రెండు నెలలు తిండి లేకుండా, గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట దగ్గరి చర్మపు మడత కప్పి నిలబడతాడు. పిల్లల పాదాల మీద ఒక మెత్తటి బంతి పెట్టి గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవమనండి. మా వారు కూడా పోటీలో దిగుతారు, ఎప్పుడూ ఓడిపోయేది ఆయనే. అడేలీలు గులకరాళ్లతో గూడు కడతాయి, పక్క గూట్లోంచి రాళ్లు దొంగిలిస్తాయి కూడా. ఈ సంగతి తెలిశాక బాబుకు బంతి కంటే రాళ్ల దొంగతనమే నచ్చింది. దిండ్లతో రెండు గూళ్లు కట్టి చుట్టిన మేజోళ్లను రాళ్లుగా పెడితే మధ్యాహ్నమంతా గడిచిపోతుంది.

సినిమా విషయంలో ఒక హెచ్చరిక. 'మార్చ్ ఆఫ్ ద పెంగ్విన్స్' (2005) అద్భుతమైన డాక్యుమెంటరీయే, కానీ అందులో చలికి పగిలిపోయే గుడ్డు, చనిపోయే పిల్ల, వేటాడే సీల్ ఉన్నాయి. బంతి ఆట ఆడినవాడికి పగిలిన గుడ్డు మామూలు దృశ్యంగా ఉండదు. ముందుగా మీరొక్కరే చూసి, ఏయే చోట్ల పక్కన కూర్చుని మాట్లాడాలో గుర్తుపెట్టుకోండి.

మార్చి 14, 'పై' (π) దినం. వృత్తం చుట్టుకొలత దాని అడ్డకొలతకు ఎన్ని రెట్లో చెప్పే సంఖ్యే 'పై', సుమారు 3.14. 3.14 అన్న సంఖ్యను నెల, తేదీగా చదువుకుని శాన్ ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాలలో లారీ షా అనే భౌతిక శాస్త్రవేత్త 1988లో మొదలుపెట్టాడు. 2019లో యునెస్కో అదే తేదీని గణిత దినంగా ప్రకటించింది కాబట్టి ఇప్పుడు దీనికి పెద్దరికం వచ్చేసింది. తేదీ ముందు, నెల తర్వాత రాసే అలవాటున్నవాళ్లకు జులై 22 కూడా ఉంది: 22/7. నిజానికి 3.14 కంటే 22/7 విలువే 'పై' అసలు విలువకు దగ్గర. ఈ ముక్క మీ పాపకు చెప్పి చూడండి. పని తేలికే, గుండ్రటి మూతల చుట్టూ దారం చుట్టి, ఆ దారం మూత అడ్డకొలతకు ఎన్ని రెట్లుందో చూడటమే. సినిమాగా 1959 నాటి 'డోనాల్డ్ ఇన్ మాథ్‌మ్యాజిక్ ల్యాండ్' అరగంట కూడా ఉండదు. అందులో ఒక పక్షి 'పై' విలువను గడగడా అప్పజెబుతూ చివరి అంకెల్లో తడబడుతుంది. 3.141592653589 తర్వాత 793 రావాలి. తప్పు పట్టుకోమంటే పిల్లలు దాన్ని మళ్లీ మళ్లీ చూస్తారు.

అక్టోబరు 6 టోపీలవాడి దినం కూడా తేదీ చమత్కారమే. 1865లో వచ్చిన 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' కథలో టోపీలవాడు ఒక వింత పాత్ర. దానికి టెనియల్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మల్లో అతని టోపీ మీద 10/6 అని చీటీ ఉంటుంది. అది అప్పటి ఇంగ్లండ్ డబ్బులో టోపీ ధర, పది షిల్లింగుల ఆరు పెన్నీలు. దాన్ని అక్టోబరు 6గా చదివి 1986లో కొందరు ఈ రోజును మొదలుపెట్టారు. పనేమీ పెట్టుకోకుండా ఆ రోజంతా కాగితం టోపీలతో తిరుగుతాం. ఆలిస్ కథతో 1951లో వచ్చిన డిస్నీ కార్టూన్ చిత్రం గంటంబావు మాత్రమే. అందులో టోపీలవాడి విందులో 'పుట్టినరోజు కాని రోజు' జరుపుకుంటారు. కానీ పుస్తకాల్లో ఆ మాట టోపీలవాడిది కాదు, ఆలిస్ రెండో పుస్తకంలో (1871) గుడ్డు ఆకారంలో ఉండే హంప్టీ డంప్టీది. ఏడాదికి అలాంటి రోజులు 364 ఉన్నాయని ఆలిస్‌తో లెక్క వేయించేదీ ఆయనే. తేదీ కోసం ఎదురుచూసే ఓపిక లేకపోతే ఆ అధ్యాయం చదివి ఈ ఆదివారమే మొదలుపెట్టేయవచ్చు.

జులై 20న చంద్రుడి మీద మనిషి దిగిన రోజుకు ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ తీసిన 'ఎ ట్రిప్ టు ద మూన్' (1902) చూపించండి. పావుగంట మూగచిత్రం, ఫిరంగితో పేల్చిన గుండులాంటి నౌక వెళ్లి చంద్రుడి కంట్లో గుచ్చుకుంటుంది. సంభాషణలను పిల్లలే చెప్పాలి. అంతే.

నేను దూరంగా ఉంచేవి కంపెనీలు తమ సరుకు అమ్ముకోవడానికి పుట్టించిన రోజులు. ఏదైనా కొంటే తప్ప జరుపుకోలేని రోజు మాకు వద్దు. అలాగే క్యాలెండర్ నింపే ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోండి, నెలకు ఒకటి మించితే అదీ హోంవర్కు అవుతుంది. ఆ రోజు పని ఉంటే వచ్చే శనివారానికి జరపండి, పెంగ్విన్లు ఏమీ అనుకోవు.

ఇక విసుగు సంగతి. పాపకు పదేళ్లు దాటాక నేను చెప్పే రోజుల మీద ఆసక్తి తగ్గింది. అప్పుడు అక్కరకొచ్చింది దొంగల దినాన్ని పుట్టించిన ఆ ఇద్దరు స్నేహితుల కథే. 'మా రోజులు మేమే పెట్టుకుంటాం' అన్నారు ఇద్దరూ. నేను పెట్టిన షరతు ఒక్కటే: రోజును కనిపెట్టినవాళ్లు దానికి తగిన పుస్తకం, సినిమా వెతకాలి, ఆ తేదీయే ఎందుకో కారణం చెప్పాలి. బాబు 'ఎడం చేత్తో మాత్రమే పనిచేసే దినం' పెట్టి, తగిన పుస్తకం దొరక్క ఎడం చేత్తో నాలుగు పేజీల బొమ్మల కథ వాడే గీశాడు. పాప 'జంట తప్పిన మేజోళ్ల దినం' పెట్టింది. అలాంటిది ఇప్పటికే ఒకటి ఉందని ఎక్కడో చదివి రెండు రోజులు అలిగి, చివరకు దాన్ని 'దారి తప్పిన రబ్బర్ల దినం'గా మార్చింది. దానికి సినిమా ఇంకా వెతుకుతోంది.